వంత లేని పాట: మహమ్మారి కాలపు సంగీతం, సంఘీభావం

ట్రాలీ ఊరికి పేరు తెచ్చింది ఒక పాట. ఐర్లండు నైరుతి మూలన, కెర్రీ కౌంటీకి ముఖ్యపట్టణమైన ఈ ఊళ్ళో, పంతొమ్మిదో శతాబ్దంలో విలియమ్ పెంబ్రోక్ ముల్చినాక్ అనే సంపన్నుల బిడ్డ తమ ఇంట్లో పనిచేసే మేరీ ఓకానర్‌ను ప్రేమించాడట. హత్యానేరం మీద పడటంతో దేశం విడిచి ఇండియా చేరాడట. కొన్నేళ్ళకు తిరిగి ఊళ్ళో అడుగుపెట్టిన రోజునే, క్షయతో చనిపోయిన మేరీ శవయాత్ర అతనికి ఎదురైందట. ఆ దుఃఖంలోంచే ‘ద రోజ్ ఆఫ్ ట్రాలీ’ పుట్టిందని ఊరివాళ్ళు చెబుతారు. పరిశోధకులకు ఈ కథ మీద అంత నమ్మకం లేదు. 1846లో వచ్చిన ఎడ్వర్డ్ మోర్డంట్ స్పెన్సర్ పుస్తకంలోనే ఈ గీతానికి ఒక రూపం ఉంది. ముల్చినాక్ 1851లో అచ్చువేసుకున్న సంపుటంలో మాత్రం అది కనబడదు. అయినా ఊరు కథనే నిలుపుకుంది. టౌన్ పార్కులో ఆ ఇద్దరికీ శిల్పం పెట్టుకుంది. 1959 నుంచి ఏటా ఆ పాట పేరుతో పండుగ చేసుకుంటోంది.

అంటురోగం, వలస, అందుకోలేకపోయిన ఆఖరి చూపు. కల్పన కావచ్చు గానీ, 2020లో ప్రవాసంలో ఉన్న తెలుగువాడికి ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పరాయిది కాదు. ఆ ఏడు ట్రాలీలో పండుగ జరగలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆగని పండుగ ఆగిపోయింది, 2021లోనూ జరగలేదు. పాట మీద బతికే ఊళ్ళో పాట ఆగింది.

అదే కాలంలో, సంగీతం ప్రపంచాన్ని ఒక్కటి చేసిందన్న మాట పదేపదే వినబడింది. 2020 మార్చి 13న ఇటలీలో జనం బాల్కనీల్లోకి వచ్చి పాడిన దృశ్యాలు ఆ మాటకు మొదటి సాక్ష్యాలు. తరువాత ప్రతి భాషలోనూ, ప్రతి దేశంలోనూ పాటలు వెల్లువెత్తాయి. తెలుగులోనూ లెక్కలేనన్ని వచ్చాయి. ఇప్పుడు ఆ వెల్లువ తీసింది. ఏ పాట నిజంగా మనుషుల్ని కలిపింది, ఏ పాట కలిపినట్టు కనిపించింది అని నెమ్మదిగా పరిశీలించడానికి ఇది తగిన సమయం. అందుకు కొలబద్దగా మన ప్రదర్శన సంప్రదాయంలోని ఒక మాటను వాడుకోవచ్చుననిపిస్తుంది. ఆ మాట ‘వంత’.

పాటలో వినేవాడి వాటా

బుర్రకథలో ముగ్గురుంటారు. నడుమ కథకుడు తంబుర మీటుతూ కథ నడుపుతాడు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం పండిస్తాడు, రెండో వంత లోకంలో జరుగుతున్న సంగతులు ఎత్తుతాడు, అందుకే అతణ్ణి రాజకీయ వంత అంటారు. కథకుడు విడిచిన చోట వాళ్ళు అందుకోవాలి, వాళ్ళు అందుకున్నప్పుడు కథకుడు ఊపిరి తీసుకోవాలి. వంతలు కథకుణ్ణి మెచ్చుకుంటారు, ఆటపట్టిస్తారు, అడ్డుప్రశ్నలు వేస్తారు. ఎదుట కూర్చున్న జనం అడగాలనుకున్నది వాళ్ళే అడుగుతారు. భజనలో ఊరంతా వంతే. హరికథలో దాసుగారు గోవింద కొట్టించినప్పుడు పందిరంతా వంతే. కోలాటంలో ఎదుటివాడి కోల తగలకపోతే నా చేతిలోని కోలకు చప్పుడే లేదు.

వ్యవహారంలో ‘వంత పాడటం’ అనే పలుకుబడికి నిందార్థం కూడా ఉంది. పెద్దవాడు ఏమన్నా తలూపడం అని. ఈ రెండో అర్థాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి, మహమ్మారి పాటల్లో రెండు రకాల వంతా కనిపిస్తుంది గనక.

ఐర్లండు సంప్రదాయం పైకి దీనికి భిన్నంగా కనిపిస్తుంది. ‘షాన్ నోస్’ అంటే పాత పద్ధతి. ఐరిష్ భాషలో, సాధారణంగా వాద్యమేదీ లేకుండా, ఒక్క గొంతు పాడే పాట. గాయకుడు తరచు కళ్ళు మూసుకొని పాడతాడు. ఇందులో వంతకు చోటెక్కడ? పక్కన కూర్చున్న శ్రోత గాయకుడి చేతిని తన చేతిలోకి తీసుకొని, పాట నడకకు తగ్గట్టుగా మెల్లగా తిప్పుతూ ఉండటం ఈ సంప్రదాయంలో ఒక ఆచారం. నడుమ నడుమ మెచ్చుకోలుగా ఒక మాట అంటారు. పాడేది ఒకరే గానీ, ఆ పాటను మోసేది ఇద్దరు. పబ్బుల్లో జరిగే వాద్యగోష్ఠిలో ఇది ఇంకా స్పష్టం. ఎవరో ఒక వరస ఎత్తుకుంటారు, తెలిసినవాళ్ళు కలుస్తారు, తెలియనివాళ్ళు వింటూ నేర్చుకుంటారు. అక్కడ వేదిక లేదు, బల్ల చుట్టూ కుర్చీలే ఉంటాయి.

ట్రాలీలోని షీమ్సా తీర అనే సంస్థ 1974లో ఐర్లండు జాతీయ జానపద రంగస్థలంగా ఏర్పడింది. పల్లె జీవితాన్ని పాట, ఆట, మూకాభినయాలతో చూపించడం వీళ్ళ పద్ధతి. సంభాషణ మీద ఎక్కువగా ఆధారపడదు గనక ఐరిష్ భాష తెలియని ప్రేక్షకుడికి కూడా అందులో చోటుంటుంది. పాట ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి వెళ్ళే సరుకు కాదని, అందరూ తలా ఒక పక్క పట్టుకునే బరువని ఈ రెండు సంప్రదాయాలూ చెబుతున్నాయి.

మహమ్మారి నిషేధించింది సరిగ్గా దీన్నే. 2020 మార్చి 27న ఐర్లండులో ఇల్లు దాటి 2 కిలోమీటర్ల కన్నా ఎక్కువ దూరం వెళ్ళరాదని ఆంక్ష పెట్టారు. పబ్బులు అంతకుముందే మూతబడ్డాయి. పక్కవాడి చేయి పట్టుకోవడమే ప్రమాదమైన రోజుల్లో షాన్ నోస్ శ్రోతకు మిగిలే పని ఏముంటుంది? గొంతెత్తి పాడటంతోనే తుంపరలు వెదజల్లుతాయని తెలిశాక భజన మేళానికి మిగిలే దారి ఏది?

30 మిల్లీసెకన్లు

సాంకేతికత ఆ లోటు తీర్చిందని చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని కొంచెం తరచి చూడాలి. కలిసి వాయించే సంగీతకారులు ఒకరి ధ్వని ఒకరికి చేరడంలో 25, 30 మిల్లీసెకన్ల వరకూ ఆలస్యాన్ని ఓర్చుకోగలరు. అది దాటితే తాళం జారిపోతుంది. గాలిలో ధ్వని ఆ వ్యవధిలో సుమారు 10 మీటర్లు నడుస్తుంది. అంటే ఒక గది, ఒక అరుగు, ఒక రచ్చబండ. మనుషులు కలిసి పాడుకునే చోట్ల కొలతలు మన చెవి కొలతలే. ట్రాలీకీ హైదరాబాదుకూ మధ్య దూరం 8,000 కిలోమీటర్లకు పైనే. గాజుతీగలో వెలుతురు వేగంతో వెళ్ళినా ఒకవైపు ప్రయాణానికే 40 మిల్లీసెకన్లు కావాలి. ఆచరణలో అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. ఇక్కడ నేను, అక్కడ మా అన్నయ్య కలిసి ఒక కీర్తన పాడటానికి అడ్డు వచ్చేది ఇంటర్నెట్ కంపెనీ కాదు, భౌతికశాస్త్రం.

మనం తెరమీద చూసిన బృందగానాలు మరైతే ఎలా తయారయ్యాయి? ఒక్కొక్కరూ తమ గదిలో, చెవిలో వినబడే తాళానికి, ముందే సిద్ధమైన సంగీతానికి అనుగుణంగా ఒంటరిగా పాడి పంపారు. ఎడిటరు వాటిని గళ్ళుగళ్ళుగా అతికించాడు. ఎదురెదురుగా పాడుతున్నట్టు కనిపించిన ఇద్దరూ పాడుతున్నప్పుడు ఒకరినొకరు వినలేదు. ఈ పద్ధతి తప్పని నేను అనడం లేదు. ఆ రోజుల్లో అంతకన్నా దారి లేదు. కానీ అక్కడ జరిగింది కలిసి పాడటం కాదు, కలిసి పాడినట్టున్న బొమ్మను కూర్చటం. విమర్శకుడికి ఈ రెండింటికీ తేడా తెలిసుండాలి.

వీడియో కాల్ పనిముట్లలో మరొక సంగతి ఉంది. అవి సమావేశాల కోసం తయారైనవి. మనిషి మాటను పట్టుకొని, తక్కినదాన్ని రొదగా ఎంచి అణచివేయడం వాటి స్వభావం. ఇద్దరు ఒకేసారి గొంతెత్తితే ఒకరిని పైకి తెచ్చి రెండోవారిని తగ్గిస్తాయి. కార్యాలయంలో అది మర్యాద. సంగీతంలో అది వంతను తెగ్గోయడం. ఈ విషయం నాకు ఏ సాంకేతిక వ్యాసం ద్వారానో తెలియలేదు. ఎలా తెలిసిందో తరువాత చెబుతాను.

2020 వసంతంలో తెలుగు పాటలు

తెలుగులో అప్పుడు వచ్చిన పాటల్లో ఎక్కువ ప్రచారం పొందినది సంగీత దర్శకుడు కోటి స్వరపరచగా శ్రీనివాస మౌళి రాసినది. చిరంజీవి, నాగార్జున, వరుణ్ తేజ్, సాయి ధరమ్ తేజ్ ఎవరిళ్ళ నుంచి వారు అందులో కనబడ్డారు. ఇంట్లో ఉండండి, జాగ్రత్తలు పాటించండి, కలిసి పోరాడదాం అన్నది దాని సారాంశం. ఎం. ఎం. కీరవాణి 2001 నాటి ‘స్టూడెంట్ నెం. 1’ చిత్రం కోసం తాను కట్టిన వరసకే కొత్త మాటలు రాసి పాడారు. చౌరస్తా బ్యాండుకు చెందిన రామ్ మిరియాల చేతులు కలపడం మాని నమస్కారం పెట్టమనే పాటను జానపద ఛాయలో కట్టి పాడితే అది ఊరూరా మోగింది.

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మొదటిది ప్రకటన. తారలు చెబుతారు, మనం వింటాం. మనకు అందులో ఉన్న పని పాటించడం ఒక్కటే. అది అవసరమైన పనే, చదువురాని ఇంటికి కూడా ఆ కబురు అందింది. అయితే ఇక్కడ మనకు దక్కేది రెండో రకం వంత, తలూపే వంత. కీరవాణి పద్ధతి వేరు. పాత వరసలో కొత్త మాట పెట్టడం మన పల్లెపాటకు తరతరాల అలవాటు. వరస ముందే వచ్చి ఉంటుంది గనక వినేవాడు రెండో చరణానికే గొంతు కలపగలడు. రామ్ మిరియాల పాటలో నడక ఆ పని చేసింది. పిల్లలు, పోలీసులు, ఊరి చావిడి దగ్గరివాళ్ళు దాన్ని తమ నోటికి ఎక్కించుకోగలిగారు.

వీటికి భిన్నంగా నిలిచినది ఆదేశ్ రవి రాసి, కట్టి, పాడిన వలస కూలీ పాట. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. ఇంట్లో ఉండండి అని పాటలన్నీ చెబుతున్నప్పుడు, ఉండటానికి ఇల్లు ఆ ఊళ్ళో లేని లక్షల మంది రోడ్డున పడ్డారు. వలస కూలీల కోసం నడిపిన మొట్టమొదటి శ్రామిక్ రైలు మే 1న హైదరాబాదులోని లింగంపల్లి నుంచే జార్ఖండులోని హటియాకు బయలుదేరింది. అప్పటికే ఎందరో నడిచి వెళ్ళిపోయారు. పట్నానికి బతకవచ్చి చిక్కుకుపోయిన కూలీ, ఊళ్ళో ఉన్న తనవాళ్ళ గురించి పడే దిగులే ఆదేశ్ రవి పాట. అందులో పోరాటం లేదు, ఉపదేశం లేదు. కరోనా మీద రాసిన పాట అనడం కన్నా, కరోనాను తట్టుకోవడానికి లోకం ఎంచుకున్న దారిలో నలిగినవాడి పాట అనడం సబబు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అది ఒంటరి గొంతు పాట కదా, వంత ఎక్కడిది? నా సమాధానం ఇది. ఆ పాటలో అసలు కథకుడు కూలీ. గాయకుడే అతనికి వంత. కూలీ రోడ్డు మీద చెబుతున్న కథను అందుకొని, వినబడని చోట్లకు వినిపించాడు. బుర్రకథలో రాజకీయ వంత చేసే పని సరిగ్గా ఇదే, అందరూ మరిచిపోతున్న సంగతిని అడ్డుపడి గుర్తుచేయడం. తారల పాట కథకుడి స్థానంలో నిలబడి శ్రోతల్ని వంతలుగా ఉండమంది. ఆదేశ్ రవి తానే వంత స్థానంలోకి తప్పుకున్నాడు. సంఘీభావం అనే మాటకు ఆ వసంతంలో వచ్చిన తెలుగు పాటల్లో నాకు దొరికిన అత్యంత నిజమైన అర్థం ఆ తప్పుకోవడంలో ఉంది.

అమ్మవారి పాట

వ్యాధి ఎదుట కలిసి పాడటం మనకు కొత్త కాదు. 1813లో జంటనగరాల్లో మహమ్మారి చెలరేగినప్పుడు, ఉజ్జయినిలో ఉన్న ఇక్కడి సైనికులు మహంకాళికి మొక్కుకున్నారని, తిరిగివచ్చి సికింద్రాబాదులో అమ్మవారిని ప్రతిష్ఠించారని, లష్కర్ బోనాలు అలా మొదలయ్యాయని చెప్పుకుంటారు. పల్లెల్లో పోచమ్మ, ముత్యాలమ్మ కొలువులు ఇంకా పాతవి. మశూచిని తెలుగువాళ్ళు వ్యాధి అనలేదు, ‘అమ్మవారు’ అన్నారు. ఆమెను చంపుదామనలేదు, చల్లబరిచి సాగనంపుదామన్నారు.

వైద్యశాస్త్రం దృష్టిలో ఈ ఊహ పనికిరాదు. టీకాయే మశూచిని తుడిచిపెట్టింది. కానీ పాట నిర్మాణం దృష్టిలో ఇది ఎంతో విలువైనది. 2020 పాటల్లో వైరస్ శత్రువు, మనం సైన్యం, పాట కవాతు. కవాతులో అందరిదీ ఒకటే అడుగు. బోనాల్లో ఒక ఇంటి బోనం వంటిది మరొక ఇంటి బోనం కాదు. డప్పు ఒకరిది, పోతరాజు ఆట ఒకరిది, పాట మరొకరిది, రంగంలో భవిష్యవాణి ఇంకొకరిది. భయాన్ని ఊరంతా భాగాలు వేసుకుంది. ప్రతివాడికీ ఒక పని ఉంది. 2020 ఆషాఢంలో ఆ బోనాలను ప్రజలు ఇళ్ళలోనే చేసుకోవలసి వచ్చింది. మహమ్మారి నుంచి పుట్టిందని చెప్పుకునే సామూహిక సంగీతోత్సవం మరొక మహమ్మారి వల్ల గుమ్మం దాటలేదు. పట్నం ఆ ఏడు ఎంత కోల్పోయిందో చెప్పడానికి ఇది చాలు.

ఖాళీ అయిన ఆ చోటులోకి కొత్త క్రతువులు వచ్చాయి. మార్చి 22న సాయంత్రం 5 గంటలకు భారతదేశంలో పళ్ళేలు మోగాయి. మార్చి 26న రాత్రి 8 గంటలకు ఐర్లండులో వాకిళ్ళలో నిలబడి చప్పట్లు కొట్టారు. ఇవి పాట లేని వంతలు. అందుకోవడానికి అందరూ ఉన్నారు గానీ, అందుకోవలసిన చరణం లేదు. 2021 ఫిబ్రవరిలో, స్విట్జర్లాండు పోలీసులు విసిరిన సవాలుకు జవాబుగా ఐర్లండు పోలీసులు ‘జెరూసలేమా’ పాటకు నర్తించిన వీడియో విడుదలైంది. దక్షిణాఫ్రికాకు చెందిన మాస్టర్ కేజీ కట్టి, నొంసెబొ జికోడె జూలూ భాషలో పాడిన ప్రార్థన అది. దానికి అడుగులు కూర్చినది అంగోలా బృందం. మాటలు తెలియని జనం అడుగుతో వంత అందుకున్నారు. అంతకుముందు నెలే ఐర్లండులో మహమ్మారి అత్యంత తీవ్రంగా ఉంది. రోడ్ల మీద జనాన్ని ఆపి, ఇంటి నుంచి 5 కిలోమీటర్లు ఎందుకు దాటారని అడుగుతున్నది కూడా ఆ పోలీసులే. ఆ వీడియో ఒక సంస్థ తన ముఖాన్ని మంచిగా చూపించుకోవడమేనని కొట్టిపారేయవచ్చు. అయినా అది ముక్కలుగా అతికిన బొమ్మే అయినా, ఒక ఊరి అడుగును మరొక ఊరు అందుకొనే మూలసూత్రం అందులో నిలిచింది.

కోరిన పాట

ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం విషయంలో జరిగింది మరింత లోతైనది. 2020 వసంతంలో ఆయన తన ఇంటి నుంచి ఫేస్‌బుక్ ద్వారా శ్రోతలు కోరిన పాటలు పాడి, సహాయనిధికి విరాళాలు సేకరించారు. పెద్ద వాద్యబృందం లేదు, వెలుగుల వేదిక లేదు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో మొదలైన గొంతు, ఒక గదిలో, ఎవరో అడిగిన పల్లవి గుర్తుచేసుకుంటూ పాడింది. ‘పాడుతా తీయగా’లో పిల్లల పాట వింటూ తల పంకించి, తప్పు దిద్ది, ఆ పాట వెనుక కథ చెప్పిన మనిషి ఆయన. తెలుగు శ్రోతకు వినడమెలాగో నేర్పింది కూడా ఆయనే. అందువల్ల ఆ గదిలో ఆలస్యం సమస్య కాలేదు. శ్రోత కోరాడు, గాయకుడు పాడాడు, శ్రోత తోచింది ఇచ్చాడు. ఒకరి తరువాత ఒకరు. ఒకేసారి పాడటానికి వీల్లేనప్పుడు వంతులవారీగా పాడుకోవచ్చునని తెలిసింది.

ఆగస్టు 5న తనకు కరోనా సోకిందని ఆయనే చెప్పారు, కంగారు పడవద్దని కూడా అన్నారు. కొద్ది రోజుల్లోనే పరిస్థితి విషమించింది. దర్శకుడు భారతీరాజా పిలుపు మేరకు ఆగస్టు 20 సాయంత్రం 6 గంటలకు, ఎక్కడివాళ్ళు అక్కడే ఆయన పాట ఒకటి మోగించి ప్రార్థించారు. ఇది ఆలోచించదగిన ఘట్టం. అంతవరకు పాడినవాడు ఆయన, అందుకున్నవాళ్ళు మనం. ఆ సాయంత్రం ఆయన మౌనంగా ఉన్నారు. మనవైపు నుంచి వెళ్ళింది కూడా ఆయన గొంతే. ఆయన పాటను మనం ఆయనకే తిరిగి పాడించాం. ఇళ్ళన్నీ ఒకే పాట వేయలేదు. తెలుగు ఇంట్లో ఒకటి, తమిళ ఇంట్లో ఒకటి, కన్నడ ఇంట్లో మరొకటి. గడియారం ఒక్కటే ఉమ్మడి. కవాతు కాదు, బోనాల తీరు. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. ఆ ప్రార్థన ఫలించలేదని ఎవరైనా అంటే కాదనలేను. కానీ సంఘీభావం విలువను ఫలితంతో కొలవకూడదని ఆ సాయంత్రం మనలో చాలామందికి తెలిసింది.

గోల్

ఇందాక వాయిదా వేసిన సంగతి ఇప్పుడు చెప్పాలి. 2021 మేలో మా పెదనాన్న పోయారు. కరోనాతో కాదు, గుండెజబ్బుతో. వెళ్ళే వీలు లేదు. అరుగు మీద ఎవరో ఫోను నిలబెట్టారు. మా మేనత్తలు, పిన్నులు శోకాలు పెడుతున్నారు. తెర మీద నోళ్ళు కదులుతున్నాయి, ధ్వని మాత్రం తెగితెగి వస్తోంది. ఒకరు రాగం తీయగానే రెండోవారి గొంతు మాయమవుతోంది. చివరికి ఏ గొంతూ నిలవలేదు. వ్యాను ఎన్ని గంటలకు వస్తుందో చెబుతున్న మనిషి మాట మాత్రం స్ఫుటంగా వినిపించింది. యంత్రం ఏడుపును రొద అనుకుంది. మా వంశంలో తరతరాలుగా ఆడవాళ్ళు ఒకరికొకరు అందించుకుంటూ వచ్చిన రాగాన్ని అనవసరమైన చప్పుడుగా లెక్కగట్టి వడపోసింది.

కెర్రీ నేలకు ఈ దుఃఖం తెలుసు. ఐరిష్ సంప్రదాయంలో చావు ఇంట పాడే విలాపాన్ని ‘కీనింగ్’ అంటారు. అందులో అత్యంత ప్రసిద్ధమైనది 1773లో హతుడైన ఆర్ట్ ఓ లియరీ కోసం అతని భార్య ఐలీన్ దువ్ అల్లిన విలాపం. ఆమె పుట్టిల్లు కెర్రీలోని డెరినేన్. పండితులు ఈ విలాపాన్ని మూడు భాగాలుగా చెబుతారు. మొదట పోయినవారిని పేరుపెట్టి పిలవడం. తరువాత ఒక స్త్రీ వారి గుణగణాలు, వంశం, జరిగిన కథ అల్లి పాడటం. చివర అక్కడున్న అందరూ కలిసి అందుకునే ఏడుపు. ఈ మూడో భాగం పేరు ‘గోల్’. మన తెలుగు ‘గోల’తో దీనికి చుట్టరికం లేదు, కాకతాళీయమే. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు మా అరుగు గుర్తుకు వచ్చింది. మన శోకాల కట్టడమూ ఇంతే: వరసపెట్టి పిలుపు, కథ, అందరి ఏడుపు. ఫోను మొదటి రెండింటిని ఎంతో కొంత మోసింది. గోల్‌ను మాత్రం మోయలేకపోయింది.

అమెరికాకు వలసపోయే బిడ్డకు ముందురోజు రాత్రి ఐరిష్ పల్లెల్లో జరిపిన వీడ్కోలును ‘అమెరికన్ వేక్’ అనేవారు. వేక్ అంటే శవజాగరణ. మళ్ళీ చూస్తామన్న ఆశ లేదు గనక బతికున్న బిడ్డకే ఆటపాటలతో జాగరణ, తెల్లవారుజామున విలాపం. పోయేవాడు తన కోసం పాడిన గోల్‌ను తాను విని వెళ్ళేవాడు. మనం విమానాలున్న కాలంలో వలస వచ్చాం గనక అటువంటి వీడ్కోలు అవసరం లేదనుకున్నాం. ఆ నమ్మకం ఎంత పలచనిదో రెండేళ్ళలో తేలిపోయింది. ఐర్లండులో కూడా అంత్యక్రియలకు పదిమందికే అనుమతి ఉన్న రోజుల్లో, ఊరివాళ్ళు రోడ్డుకు ఇరువైపులా దూరం దూరంగా నిలబడి శవవాహనాన్ని సాగనంపారు. కొన్నిచోట్ల పాడారు, చాలాచోట్ల ఊరికే నిలబడ్డారు. అలా నిలబడటం కూడా వంతే.

పాటకు కూలి

పాటతో సంఘీభావం ప్రకటించడం ఒకటి, పాటగాడితో సంఘీభావం చూపడం మరొకటి. బుర్రకథ ముగిశాక వంతలకు కూడా వాటా ఇవ్వాలి కదా. చిరంజీవి నాయకత్వాన ఏర్పడిన కరోనా క్రైసిస్ ఛారిటీ సినిమా కార్మికులకు నిత్యావసరాలు అందించింది. అది మెచ్చదగిన పని. సినిమా వెలుపల ఉన్న ఒగ్గుకథ, బుర్రకథ కళాకారులకు, పెళ్ళిళ్ళ ముహూర్తాల మీద బతికే సన్నాయి, డోలు, బ్యాండు మేళాలవారికి వరసగా రెండు వేసవులు ఖాళీగా పోయాయి. ఐర్లండులో పని పోయినవారికి వారానికి 350 యూరోల వరకు భృతి ఇచ్చారు. సంగీతకారులూ అందులో ఉన్నారు. మహమ్మారి నేర్పిన పాఠంగా, 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున కనీస ఆదాయం ఇచ్చే ప్రయోగం మొదలైంది. రెండు దేశాల ఆర్థిక స్థితి ఒకటి కాదు, పోల్చి నిందించడం నా ఉద్దేశం కాదు. పాట మనల్ని బతికించిందని అన్నవాళ్ళం, పాడినవాళ్ళు ఎలా బతికారని అడగడం మరిచిపోయామని మాత్రమే అంటున్నాను. ప్రవాస సంఘాలు తెరమీద ఉచితంగా కచేరీలు చేయించుకున్న సందర్భాలు మన అందరికీ గుర్తే.

2022 ఆగస్టులో ట్రాలీ పండుగ తిరిగి జరిగింది. జనం వీధుల్లోకి వచ్చారు, అదే పాట మళ్ళీ వినబడింది. ఆ పాట ఎవరు రాశారన్న వివాదం ఇంకా తేలలేదు, తేలకపోయినా నష్టం లేదు. ఇండియా నుంచి తిరిగివచ్చి శవయాత్రకు ఎదురుపడిన ప్రేమికుడి కథను ఊరు వదులుకోకపోవడానికి కారణం ఇప్పుడు నాకు కొంత బోధపడుతోంది. ఆలస్యంగా వచ్చినవాడికి కూడా అందులో ఒక చరణం ఉంది.

మా పెదనాన్న సంవత్సరీకానికి వెళ్ళగలిగాను. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చున్నప్పుడు మా మేనత్త ఉన్నట్టుండి ఆయన్ని తలుచుకొని రాగం తీసింది. పక్కనున్న ఇద్దరు అందుకున్నారు. ఏడాది ఆలస్యంగా నేనూ అందుకున్నాను.